గవరమ్మ నుదుటి ముడతలు

గుట్ట కింద రేగుపొదల్లో కోతులమంద మేస్తుంటే, పైన బండమీద కూర్చుని కాపలా కాయడం ముసలికోతి గవరమ్మ పని. కేక వేస్తే పిల్లలెక్కడున్నాయో చిరుతకు తెలిసిపోతుందని ఆ మందలో ఒక కట్టుబాటుంది. కాపలాకోతి నుదురు ముడిస్తే చాలు, పిల్లకోతులన్నీ చెట్లెక్కేయాలి. అందుకే అవి ఒక పండు తిని, ఒకసారి గవరమ్మ ముఖం చూసేవి.

ఆ ముఖమే ఆమెకు దిగులైపోయింది. "ముసలిదైపోయింది, బండ దిగమందాం" అని మందలో గుసగుసలు. బండ దిగితే తననిక ఎవరు లెక్కచేస్తారు?

ఆ దిగులు నక్క కనిపెట్టింది.

"వదినా, ముడతలకు మందుంది. కందిరీగ కుడితే కండ మొద్దుబారుతుంది, నుదురు నున్నగా ఉండిపోతుంది. తేనెటీగ కుడితే వాస్తుంది, బుగ్గల గుంటలు పూడతాయి."

"రెండిట్లో ఏది మేలు, మరిదీ?"

"దేని పని దానిది. అది గీత పడనివ్వదు, ఇది లోతు నింపుతుంది. నీ ముఖానికైతే రెండూ కావాలి."

"ఎప్పటికీ ఉంటుందా?"

"ఎక్కడిది! కొన్నాళ్ళకు దిగిపోతుంది. మళ్ళీ నా దగ్గరికే రావాలి."

"మరి నీకేమివ్వను?"

"నీ దగ్గర తీసుకుంటానా? నాకు రావలసింది వేరేచోట వస్తుందిలే" అని నవ్వింది నక్క. పిచ్చి గవరమ్మ, ఆ వేరేచోటు ఏదని అడగనైనా లేదు. పళ్ళు బిగించి రెండు కాట్లూ ఓర్చుకుంది.

మర్నాడు మందంతా నోరెళ్ళబెట్టింది. "పడుచుదానిలా ఉన్నావే అవ్వా!" అంది మనవరాలు చింతాకు. గవరమ్మ పొంగిపోయింది. నవ్వబోతే బుగ్గలు కదల్లేదు. పోనీలే అనుకుంది.

మధ్యాహ్నం పొదల వెనక మచ్చల ఒళ్ళు కదిలింది. చిరుత! దాని వెనకే నక్క. గవరమ్మ నుదురు ముడిచింది. ముడత పడలేదు. కట్టుబాటు మరిచి అరవబోయింది. వాచిన నోట్లోంచి గాలి తప్ప కేక రాలేదు. చింతాకు తలెత్తి చూసింది. అవ్వ ముఖం నిమ్మళంగా ఉంది. గవరమ్మ పిచ్చిదానిలా చేతులూపింది. ఆటనుకుని చింతాకు కూడా చేతులూపింది.

చిరుత దాన్ని ఈడ్చుకుపోయింది. మిగిలింది తినడానికి నక్క దాని వెనకే పోయింది.

గవరమ్మ లోలోపల కుమిలిపోయింది. బిడ్డను పోగొట్టుకున్న కోడలు ఆ ముఖంలోకి చూసి, "మనవరాలు పోతే ముఖమైనా చిట్లించలేదు, నీది గుండెనా, రాయా?" అంది. మందంతా ఆమెను వదిలేసి వేరే గుట్టకు వెళ్ళిపోయింది.

ముఖం మీది ముడత చెరిపేసుకునే ముందు, దాన్ని చూసి బతికేవాళ్ళెవరో చూసుకోవాలి.