గచ్చకాయ పట్టినవారిదే మాట

మల్లభూపతి మహారాజుకు మధ్యాహ్నం కునుకు పట్టలేదు. ఇంకేం, రాజ్యంలో ఎవరికో ఒకరికి మూడినట్టే!

ఆవేళ మూడింది సింగనకు. సింగన ఆస్థానంలో హాస్యగాడు. కోటలో నౌకర్ల పిల్లలకు చదువు చెప్పే పని కూడా ఈ మధ్యే అతని నెత్తిన పడింది. అంతకుముందు ఆ బడి రాజపండితుడు పేరిశాస్త్రిది. ఆయన హయాంలో పిల్లలు చేతులు కట్టుకుని, నోటి మీద వేలేసుకుని, బొమ్మల్లా కూర్చునేవాళ్లు. ఇప్పుడు బడి నిండా కబుర్లే.

"ఏమిటయ్యా ఆ గోల? అది బడా, చేపల సంతా?" అని కొలువులో రాజు గయ్యిమన్నాడు.

"పిల్లల్ని జతలు జతలుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నాను ప్రభూ," అన్నాడు సింగన. "గచ్చకాయ ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మాట. రెండోవాళ్లు వినాలి. ఆనక లేచి, జతవాడు ఏమన్నాడో అందరికీ చెప్పాలి."

పేరిశాస్త్రి ఉత్తరీయం సవరించుకున్నాడు. "మాట్లాడితే చదువొస్తుందా ప్రభూ? అలాగైతే కాకులన్నీ పండితులే!"

రాజుకు ఆ మాట నచ్చింది. "సింగనా! నీ ఆటలో పస ఉందని ఈ పూటే చూపించు. లేదా, గాడిదెక్కి ఊరు విడిచిపో. పిల్లలు మళ్లీ శాస్త్రి దగ్గరికే."

ఆ గాడిదను పేరిశాస్త్రి అప్పటికప్పుడే తెప్పించి గుమ్మంలో కట్టించాడు. ఎంత ముందుచూపో మహానుభావుడికి!

గాడిదకు సింగన భయపడలేదు. అతని బెంగంతా బడిలో చదివే నాగి గురించే. శాస్త్రి బెత్తానికి మూగదైపోయిన ఆ వంటలక్క కూతురు, ఈ మధ్యే నోరు విప్పి గలగలా మాట్లాడుతోంది.

"పిల్లల్ని పిలిస్తే చిలకపలుకులు నేర్పి తెచ్చానంటారు ప్రభూ. తమరూ శాస్త్రిగారూ ఒక జతగా కూర్చోండి," అన్నాడు.

తివాచీ మీద ఇద్దరూ మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నారు. గచ్చకాయ ముందు శాస్త్రి చేతికిచ్చారు. ఇక చూడండి, గంగ పొంగినట్టు పొంగాడు. రాజు ఆవలింతలు మింగుతూనే విన్నాడు. చివర్లో లేచి, "వాళ్ల తాత ఘనుడట, తండ్రి మహాఘనుడట, తన సంగతి చెప్పనే అక్కర్లేదట!" అని అప్పజెప్పాడు. సభ గొల్లుమంది.

గచ్చకాయ రాజు చేతికి వచ్చింది. శాస్త్రి అప్పటికే కళ్లు అరమోడ్చి, తర్వాత చదవబోయే పద్యం లోలోపల అల్లుకుంటున్నాడు.

రాజు గొంతు తగ్గించాడు, అయినా కొలువంతటికీ వినిపిస్తూనే ఉంది. "శాస్త్రీ, నిజం చెప్పేస్తున్నా. నాకు కునుకు పట్టనిది పిల్లల గోలకు కాదయ్యా. భోజనంలో గారెలు ఎక్కువై పొట్ట ఉబ్బుతోంది."

"చిత్తం ప్రభూ."

"రాణికి తెలిస్తే గారెలు మాన్పించేస్తుందని, నేరం పిల్లల మీదికి తోసేశాను."

"చిత్తం, చిత్తం."

రాజు కనుబొమలు ఎగరేశాడు. శాస్త్రి మొహంలోకి ఓసారి తేరిపార చూశాడు. "ఆ గుమ్మంలో గాడిదను నువ్వెక్కితేనే బాగుంటుందనిపిస్తోంది."

"చిత్తం ప్రభూ! అంతకంటే భాగ్యమా!"

సభలో అందరూ ఉత్తరీయాలు నోట్లో కుక్కుకున్నారు. సింగన మాత్రం మహా వినయంగా అడిగాడు, "శాస్త్రిగారూ, ప్రభువులు ఏమన్నారో సెలవియ్యండి."

"ఏమంటారు? నా పాండిత్యాన్ని మెచ్చుకున్నారు. ఏదో వాహనం కూడా బహూకరిస్తామన్నట్టున్నారు!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ, "సింగనా, ఇంతటి పండితుణ్ణి గాడిదెక్కిస్తే బాగుంటుందంటావా?" అన్నాడు.

"భేషుగ్గా ఉంటుంది ప్రభూ! ఒకరికి నోరుంది, ఇంకొకరికి చెవులున్నాయి. ఇంతకంటే మంచి జత ఎక్కడ దొరుకుతుంది?"

కొలువు కొలువంతా విరగబడి నవ్వింది. శాస్త్రి గాడిదెక్కాడు. రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి సింగన మెడలో వేసి, "బడి నీదే. గోల ఇంకాస్త పెంచు!" అన్నాడు.

అంతలో తెర వెనక రాణిగారి గాజులు గలగలమన్నాయి.

"సింగనా, ఆ గచ్చకాయ ఇలా తీసుకురా. ఇప్పుడు నా వంతు!"