కంబళ్ళ ఊరూ, మంచులో పిలుపూ

కాళ్ళు ముడుచుకోండర్రా, చలిగా ఉంది. చిన్నదాన్ని మధ్యలో పడుకోనివ్వండి. ఊ మాత్రం గట్టిగా కొట్టాలి, లేకపోతే కథ దారి తప్పిపోతుంది.

అనగనగా, అల్లంత దూరాన, ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో అందరూ కంబళ్ళే నేసేవాళ్ళు. ఇంటింటికీ మగ్గమే. పొద్దున లేస్తే టకటక, టకటక. ఆ కంబళి కప్పితే ఎంత మారాం చేసే పిల్లాడైనా కళ్ళు మూయాల్సిందే. ఊరికి పైన కొండ, కొండ మీద గొర్రెల కాపరులు. ఏటికి అవతల పట్నం. ఆ పట్నంలో చలి ఎలాంటిదనుకున్నారు? నోట్లోంచి మాట రాకముందే పొగ వచ్చేది.

ఆ ఊళ్ళో ఒక నేతింటికి బీరమ్మ అని కోడలు వచ్చింది. కొండ మీది పిల్ల. ఉన్ని ఏకడం, నూలు వడకడం చిటికెలో పని దానికి. మొగుడు గట్టయ్య. వెన్నలాంటి మనిషే గానీ నోట్లో మాట ఆగదు. చెవిలో చెప్పింది వీధిలో చెప్పేస్తాడు. అందుకని పిచ్చి గట్టయ్య అనేవాళ్ళు అందరూ.

ఇహ పడవల పాపయ్య అని ఒక షావుకారు. ఏట్లో పడవలన్నీ ఆయనవే. కొండ దగ్గర ఉన్ని కొనేదీ ఆయనే, ఊళ్ళో కంబళ్ళు కొనేదీ ఆయనే, పట్నంలో అమ్మేదీ ఆయనే. మొదట్లో కంబళికి గంపెడు జొన్నలిచ్చేవాడు. తర్వాత గంపకి కాస్త వెలితి. ఆ తర్వాత అర గంప. ఇదేమిటి షావుకారూ అంటే, నేనేం చెయ్యనమ్మా, కొండవాళ్ళు ఉన్ని ధర పెంచేశారు, పట్నంవాళ్ళు కంబళ్ళొద్దంటున్నారు, మీ మీద జాలితో కొంటున్నాను అనేవాడు. కళ్ళు కూడా తుడుచుకునేవాడు, పాపం!

ఊ కొడుతున్నారా? ఆఁ.

ఆ ఏడు అర గంప కూడా ఇవ్వలేదు. బీరమ్మ అత్తగారు లచ్చమ్మ మగ్గం వంక చూసి, దీన్ని విప్పి పొయ్యిలో పెట్టుకుందామే, ఒక పూట అన్నమన్నా ఉడుకుతుంది అంది. అనేసి మొహం పక్కకి తిప్పుకుంది. బీరమ్మకి గుండె చెరువైపోయింది.

సరిగ్గా అప్పుడే కొండ దిగి దాని నాన్న వచ్చాడు. గొర్రెల్ని కటికవాళ్ళకి అమ్మేస్తున్నానమ్మా, చెప్పిపోదామని వచ్చాను అన్నాడు.

"అదేంటి నాన్నా? ఉన్నికి మంచి ధర వస్తోందిగా?"

"ఎక్కడి ధర తల్లీ! మీ ఊళ్ళో మగ్గాలన్నీ ఆపేశారంటగా. పాపయ్య చెప్పాడు, ఊరికే ఇచ్చినా మీ ఉన్ని ఎవరిక్కావాలని."

టకటక, టకటక. పక్కింటి మగ్గం ఆడుతూనే ఉంది. ముసలాయన చెవి ఒగ్గి విన్నాడు. బీరమ్మ నాన్న మొహం చూసింది, నాన్న కూతురి మొహం చూశాడు. గొర్రెల్ని మాత్రం ఇప్పుడే అమ్మకు నాన్నా అని బతిమాలి పంపింది.

మర్నాడు పొద్దున ఉన్ని కడగడానికి ఏటికి వెళ్ళింది. రేవులో పడవలవాళ్ళు అదిలిస్తారని పైకి, పైపైకి నడిచింది. అక్కడ ఏరు పరుచుకుని పారుతుంది, మధ్యలో ఇసకదిబ్బ. ఆ దిబ్బ మీద దయ్యం ఉందనీ, మంచులో పిలుస్తుందనీ, పలికితే లాక్కుపోతుందనీ పాపయ్య ఎప్పుడో చెప్పి ఉంచాడు. అటు ఎవ్వరూ వెళ్ళరు. ఆవేళ మంచు ఎలా దిగిందనుకున్నారు? ఆకాశమే ఉన్నిగా మారి ఏటి మీద పరుచుకున్నట్టు ఉంది. నీళ్ళు లేవు, ఒడ్డు లేదు, తన చెయ్యి తనకి కనపడదు. నడుస్తోందో తేలుతోందో దానికే తెలీడం లేదు. అంతలో ఆ తెల్లదనంలోంచి సన్నగా, పొడుగ్గా ఒక పిలుపు.

"కంబళీ... కంబళీ..."

బీరమ్మ వెనక్కి తిరిగింది. పారిపోదామనుకుంది. కానీ దయ్యానికి కంబళి ఎందుకర్రా? దానికి చలేస్తుందా? ఆ మాట తట్టేసరికి కాళ్ళు ఆగిపోయాయి.

"ఎవరు నువ్వు? దయ్యానివా?" అంది వణుకుతూనే.

"నేనెందుకు దయ్యాన్నవుతాను? నువ్వే దయ్యానివి! పాపయ్య మాకు చెప్పాడు!"

 మంచుకి అటొకరు, ఇటొకరు ఒక్కసారే పక్కున నవ్వారు. మోకాలి లోతు నీళ్ళలో గలగలా నడుచుకుంటూ ఇద్దరూ ఇసకదిబ్బ మీదికొచ్చారు. ఆవిడ పేరు కోటమ్మ, పట్నంలో బట్టల అంగడి. మనవడు చలికి రాత్రంతా దగ్గుతున్నాడు, కంబళికి బండెడు జొన్నలడుగుతున్నాడు పాపయ్య, మీ నేతగాళ్ళకి ఆశెక్కువంటగా, అయినా ఇటు ఎవరికైనా వినపడుతుందేమోనని కేకేశాను అంది. ఆ మాటకి బీరమ్మకి ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. ఉన్న సంగతంతా చెప్పింది. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఆ ఇసకలోనే కూర్చుండిపోయారు.

గొర్రె లేందే ఉన్ని లేదు. ఉన్ని లేందే నూలు లేదు. నూలు లేందే కంబళి లేదు. కంబళి లేందే నిద్ర లేదు. మరి పాపయ్య లేకపోతే ఏం లేదు? చెప్పండి? ఆఁ, పడవ లేదు. అంతేగా!

ఊళ్ళోకొచ్చి బీరమ్మ ఇల్లిల్లూ తిరిగింది. దిబ్బ మీద దయ్యం లేదు, ఏరు పొంగనప్పుడు అటుగా నడిచే దాటొచ్చు, వానలకి మాత్రం పడవ కావాలి అని చెప్పింది. ఒక్కళ్ళం ఒక్కళ్ళం వెళ్ళి అడిగితే పాపయ్య పొమ్మంటాడు, అందరం కలిసి అడుగుదాం, ఒక్కళ్ళూ విడిగా అమ్మొద్దు అంది. కొండకీ కబురంపింది, మీరూ విడిగా అమ్మొద్దని; అవతల కోటమ్మకీ పంపింది, పాపయ్య దగ్గర ఎవ్వరూ కొనొద్దని. మగ్గాలు ఆగాయి. ఊరంతా నిశ్శబ్దం. పిల్లలు గంజి తాగి పడుకున్నారు. నావల్ల వీళ్ళ కడుపులు మాడుతున్నాయే అని బీరమ్మకి కంటి మీద కునుకు లేదు.

పాపయ్యేం తక్కువవాడా? గట్టయ్యని ఒక్కణ్ణే పిలిచి చెవిలో ఊదాడు. నీ కంబళికి నిండు గంప ఇస్తాను, ఎవ్వరికీ చెప్పకు అని. గట్టయ్య మొహం చాటంత అయింది. వీధిలోకి ఉరికి కేక పెట్టాడు.

"రండర్రోయ్! షావుకారు నిండు గంప ఇస్తానంటున్నాడు! అందరూ రండి!"

ఊరు ఊరంతా పాపయ్య గుమ్మంలో వాలింది. ఇన్నాళ్ళూ లేని జొన్నలు ఇవ్వాళ ఎక్కణ్ణించి వచ్చాయి షావుకారూ, అని లచ్చమ్మే ముందు నిలబడి అడిగింది. పాపయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "సరే, దిబ్బ దారి దొరికిందని మురుస్తున్నారు. వానలొచ్చి ఏరు పొంగితే ఎలా దాటతారో చూస్తాగా!" అన్నాడు.

"దాటలేం బాబూ. మీ పడవ కావాల్సిందే. కానీ కొండ ఉన్ని ఇవ్వక, మేం కంబళివ్వక, పట్నం కొనకపోతే, మీ పడవలో ఏం వేసుకుంటారు?" అంది బీరమ్మ.

ఆయన రేవు వైపు చూశాడు. రేవులో పడవలు ఖాళీగా ఊగుతున్నాయి.

మరి కొన్నాళ్ళకి, ఎండ పల్చగా కాస్తున్న పొద్దున, ఇసకదిబ్బ మీద అందరూ కూర్చున్నారు. కొండవాళ్ళు, నేతవాళ్ళు, పట్నంవాళ్ళు, ఒక పక్కన పాపయ్య. అక్కడ బేరం లేదనుకున్నారా? అబ్బో! కాపరులు ఎక్కువంటారు, కోటమ్మ తక్కువంటుంది, గట్టయ్య అందరికీ సరే అంటాడు. అరుచుకున్నారు, అలిగారు, మళ్ళీ కూర్చున్నారు. అయితేనేం, మొహాలు చూసుకుంటూ ఆడిన బేరం. ఎవరి కష్టమెంతో అందరూ విన్నారు. చివరికి కాపరికి గిట్టేలా, నేతగాడి కడుపు నిండేలా, పట్నం పిల్లలకి అందేలా ఒక ధర కుదిరింది. వానాకాలం పడవ దాటించినందుకు పాపయ్యకీ కూలి. ఆయన గొణుక్కుంటూనే తలూపాడు.

గొర్రెలు కొండెక్కాయి, మగ్గాలు ఆడాయి, పట్నంలో కోటమ్మ మనవడు దగ్గు మర్చిపోయి గుర్రుపెట్టాడు.

అందుకని, తల్లీ, నాన్నా, ఒకరి గురించి ఒకరు చెడ్డగా చెప్తే నమ్మేయకండి. ఎదురుగా వెళ్ళి అడగండి. ఒక్కరు అడిగితే వినకపోతే, పది మందీ కలిసి అడగండి.

ఊ కొట్టరేం? నిద్రపోయారా? పోన్లే. కథ ఏరు దాటి వెళ్ళింది, మనం దుప్పట్లోకి వెళ్దాం.