ఎక్కడికని అడగని చీమలు

ఒకప్పుడు చీమలు దారిలో ఆగేవి కావు. ముందు చీమ వెనకాల తర్వాతి చీమ, దాని వెనకాల ఇంకో చీమ, అంతే. మాటా మంతీ ఏమీ ఉండేది కాదు.

బయలుదేరినవాళ్ళని "ఎక్కడికి?" అని అడిగితే శకునం పాడవుతుందని మన ఇళ్ళల్లో అంటారు కదా. చీమలకి ఆ పట్టింపు మనకంటే పదింతలు. ఎవరైనా పొరపాటున అడిగితే చాలు, ఆ చీమ అక్కడే కూలబడి, గుక్కెడు మంచినీళ్ళు తాగి, అప్పుడు మళ్ళీ కదలాలి. అంత తతంగం ఎవరికి కావాలి? అందుకే ఎవరూ ఎవర్నీ అడిగేవారు కారు.

ఒకరోజు పెద్దచీమ గవరమ్మ పుట్టలో ఒక్క చీమని కాపలా ఉంచి, మిగతా అన్నిటినీ వెంటేసుకుని బెల్లం వెతకడానికి బయలుదేరింది. దారిలో ఒక రోలు అడ్డొచ్చింది. గవరమ్మ దాని చుట్టూ తిరిగింది. వరుస మరీ పొడుగేమో, తిరిగి వచ్చేసరికి ఆవిడ ముందు ఒక చీమ నడుస్తూ కనిపించింది. అది తన వరుసలోని చిట్టచివరి చీమే. ఆ సంగతి గవరమ్మకి తట్టలేదు.

"నాకంటే ముందే ఎవరో బయలుదేరారు. దారి తెలిసినవాళ్ళే అయ్యుంటారు" అనుకుని దాని వెనకాల పడింది.

ఇంకేముంది, రోలు చుట్టూ ఒకటే తిరుగుడు. ఒక పూట గడిచింది, రెండు పూటలు గడిచాయి. ఒక్క చీమా తప్పిపోలేదు, ఒక్క చీమా వెనకబడలేదు. అంత చక్కటి వరుసని తలుచుకుంటే నాకైతే ఒళ్ళు మండుతుంది.

పుట్టలో గుడ్లకి కాపలాగా మంగతాయి ఒక్కతే ఉంది. వాన మొదలైంది. కింది గదిలోకి నీళ్ళు వస్తున్నాయి. గుడ్లేమో వందలు, మంగతాయికి ఉన్నది ఒకటే నోరు. ఐదో గుడ్డు పైకి మోసేసరికి నీళ్ళు గడప దాటాయి. ఏడుస్తూ రోలు దగ్గరికి పరిగెత్తింది.

"గవరమ్మ వదినా, గుడ్లు మునిగిపోతున్నాయి, రండి."

"ఈ దారి అయిపోగానే వచ్చేస్తాం" అంది గవరమ్మ నడుస్తూనే.

"ఎప్పుడవుతుంది?"

"ముందున్నావిడకి తెలుసు."

మంగతాయి ముందున్నావిడ దగ్గరికి వెళ్ళింది. ఆవిడా అదే మాట అంది. ఆ ముందావిడా అంతే. అలా అడుగుతూ పోతే చివరికి మళ్ళీ గవరమ్మే కనిపించింది.

"వదినా, మీరు రోలు చుట్టూ తిరుగుతున్నారు."

"తిరిగితే తప్పేముందే? ఇంతవరకూ ఎవరైనా తప్పిపోయారా?"

మంగతాయికి దుఃఖం పోయి కోపం వచ్చింది. గవరమ్మకి ఎదురుగా నిలబడి, తలకి తల ఆనించి, "ఎక్కడికి?" అని అడిగేసింది.

చీమలన్నీ నోళ్ళు వెళ్ళబెట్టాయి. "ఎంత పని చేశావే" అంటూ గవరమ్మ కూలబడింది. వెనకాల చీమ వచ్చి ఆవిడ మీద పడింది. మంగతాయి అంతటితో ఊరుకోలేదు. ప్రతి చీమ తలకీ తల ఆనించి "ఎక్కడికి? ఎక్కడికి?" అని అడుగుతూనే పోయింది. వరుసకి వరుసే చతికిలబడింది.

ఇప్పుడు అందరికీ మంచినీళ్ళు కావాలి. రోలు పక్కనుంచి సన్నగా వాననీళ్ళు పారుతున్నాయి. అందరూ వంగి తాగారు. గవరమ్మ ఒక గుక్క మింగి, నీళ్ళకేసి చూసింది.

"ఇవి ఎక్కడికి పోతున్నాయి?" అంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"మనింట్లోకి" అంది మంగతాయి.

ఆ తర్వాత వరుస ఎవరికీ గుర్తు లేదు. ఎవరికి తోచిన దారిన వాళ్ళు పరిగెత్తి గుడ్లని పైకి చేర్చారు. ఆరు గుడ్లు మాత్రం దక్కలేదు. వాటికోసం గవరమ్మ చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి లేచి, ఇకమీదట ఎదురైన ప్రతి ఒక్కర్నీ ఆపి అడగాల్సిందేనని చెప్పింది.

అప్పటినుంచే చీమలు ఎదురుపడితే తలకి తల ఆనించి ఒక్క క్షణం ఆగుతాయి. "ఎక్కడికి?" అని అడుగుతాయి. "ముందున్నావిడ వెనకాల" అని జవాబొస్తే, ఆ చీమని వెంటనే వెనక్కి తిప్పేస్తాయి.