గోడ మీది రాజు కళ్ళు

రాద్కోకి ఆ ఏడాదంతా ఒకటే దిగులు. రాజుగారి కళ్ళు కుదరడం లేదు.

సెర్బియా కొండల్లోని ఒక మఠంలో బొమ్మలు వేసే సన్యాసి యెఫ్రెం. రాద్కో ఆయన శిష్యుడు. చర్చి గోడ మీద ద్రాగోమిర్ రాజు బొమ్మ వేసే పని గురువు అతనికి అప్పజెప్పాడు. సామాన్యమైన పనా అది! ద్రాగోమిర్ యువరాజుగా ఉన్నప్పుడు కన్నతండ్రే అనుమానపడి కళ్ళు తీయించాడు. తర్వాత సింహాసనం ఎక్కినా, ఆ పాపం చేసినవాళ్ళను ఆయన పల్లెత్తు మాట అనలేదు. ఈ మఠం కట్టించాడు. ఒక్కో రాయినీ చేత్తో తడిమి మరీ పేర్పించాడు. ఆయన పోయి తరాలు గడిచినా జనం పునీతుడని కొలుస్తూనే ఉన్నారు.

స్వర్గంలో ఆయనకు చూపు తిరిగొచ్చి ఉంటుంది కదా, అందుకని కళ్ళు తెరిచే వేయాలి. అదీ తడి గార మీద. గార ఆరిందంటే ఇక దిద్దడానికి వీల్లేదు. వేయడం, నచ్చక చెక్కేయడం, మళ్ళీ గార పూయడం. చివరికి ఒకరోజు కుదిరాయి. ఎటు నిలబడినా మన వంకే చూస్తున్నట్టున్న కళ్ళు! నోరు తెరిచి మెచ్చుకోవడం ఎరగని యెఫ్రెం కూడా చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు.

ఇంతలో పునీతుడైన రాజుగారి పేరిట ఏటా జరిపే పండుగ వచ్చింది. మర్నాడే బిషప్పుగారి రాక. బొమ్మ నచ్చితే రాద్కోని రాజధానిలో పెద్ద చర్చి పనికి తీసుకెళ్తారని మఠమంతా అనుకుంటోంది. పేరొస్తుందంటే ఎవరికి చేదు?

ఆ మధ్యాహ్నం రాద్కో చర్చిలో అడుగుపెట్టాడు. ఒక ముసలావిడ పీట ఎక్కి, చాకుతో రాజుగారి కుడికన్ను గీరుతోంది.

ఒక్క ఉదుటున వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "చేతులెలా వచ్చాయి నీకు? ప్రాణం పెట్టి వేశాను!"

ఆవిడ రెండో చేత్తో గుమ్మం వైపు చూపించింది. "బాలింత జ్వరంలో మా అమ్మాయికి చూపు పోయింది నాయనా. బిడ్డ మొహం ఇంకా చూసుకోలేదు. అదుగో, గుమ్మం బయటే కూర్చుంది."

ఆ కొండల్లో అదో పాత ఆచారం. పునీతుల బొమ్మల్లో కళ్ళ మీది గార గీరి, ఆ పొడి నీళ్ళలో కలిపి, చూపు పోయినవాళ్ళ కళ్ళకు రాస్తారు.

కేకలు విని యెఫ్రెం వచ్చాడు. గోడ వంక చూశాడు. ముసలావిడ వంక చూశాడు. ఆమె చేతిలోంచి చాకు తీసుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాడు రాద్కో.

గురువు రాజుగారికి తలవంచి, శిలువ గుర్తు వేసుకుని, పీట ఎక్కాడు. రెండో కన్ను కూడా నెమ్మదిగా, నలుసు కింద పడకుండా గీరి గుడ్డలో పట్టాడు. మూటకట్టి ఆవిడ చేతిలో పెట్టాడు.

"అమ్మాయికి రెండు కళ్ళు కదమ్మా" అన్నాడు.

ఆవిడ వెళ్ళగానే రాద్కో భోరుమన్నాడు. "ఆ పొడితో చూపొస్తుందా గురువుగారూ?"

"నాకు తెలీదు."

"మరెందుకిచ్చారు?"

"ఆవిడ అడిగింది నన్ను కాదుగా."

"రేపు బిషప్పుగారికి ఏం చూపించను? ఇప్పుడే గార కలిపి మళ్ళీ వేస్తాను."

"వేయి. ముందు ఆయన్ని అడుగు" అని గోడ వైపు చూపించి యెఫ్రెం వెళ్ళిపోయాడు.

రాద్కో కసికసిగా గార కలిపాడు. తాపీ తీసుకుని రాజుగారి మొహానికి ఎదురుగా నిలబడ్డాడు. కళ్ళుండాల్సిన చోట రెండు తెల్లటి గుంటలు. రాజ్యం ఏలినన్నాళ్ళూ ఈయన ఇలాగే ఉన్నాడని అప్పుడు తట్టింది అతనికి. ఇలాగే వచ్చి ఈ గోడను తడిమి ఉంటాడు. ఎత్తిన చెయ్యి ముందుకు సాగలేదు. సాయంత్రం ప్రార్థన గంట కొట్టేసరికి తొట్టిలో గార గట్టిపడిపోయింది.

మర్నాడు బిషప్పుగారు దీపం తెప్పించుకుని బొమ్మ దగ్గరికొచ్చారు. కిరీటం చూశారు. మఠం కట్టించినందుకు గుర్తుగా రాజు చేతుల్లో వేసిన బుల్లి చర్చిని చూసి తలాడించారు. మొహం దగ్గర ఆగిపోయారు.

"ఎవరు వేశారిది? కళ్ళు వేయలేదేం?"

యెఫ్రెం శిష్యుడి వంక చూశాడు.

రాద్కో ముందుకొచ్చి రాజుగారి బొమ్మ ముందు మోకరిల్లాడు.

"వేశాను అయ్యగారూ. ఆయన ఇచ్చేశారు."