మోడు బ్యాండు పిలుపు

అనగనగా ఒక అడవిలో చుక్కి అనే కోయిల ఉండేది. ఒళ్ళంతా తెల్లచుక్కలు, అందుకే ఆ పేరు. చుక్కి మనసులో ఒక మాట ఉండేది. దాన్ని ఎప్పుడూ పైకి అనలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు తనకు తాను కూడా చెప్పుకోలేదు. ఆ మాట ఇది: “నాకు పాట నేర్పింది కాకి.”

ఇందులో దాచుకోవడానికి ఏముందంటారా? వినండి మరి.

కోయిల కనపడగానే అందరూ ‘కుహూ’ అనమంటారు. కుహూ అని పాడేది మగకోయిల, పిల్లలూ. ఆడకోయిల గొంతు వేరు. ‘కిక్‌కిక్‌కిక్’ అని గరుకుగా, వెనక ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది. ఈ సంగతి చాలామందికి తెలీదు. చుక్కి ఎక్కడికి వెళ్ళినా ఇదే గొడవ. “కోయిలమ్మా, ఒక్కసారి కుహూ అను తల్లీ!” అనేవాళ్ళు. చుక్కి నోరు తెరిస్తే, “అయ్యో, జలుబు చేసిందా?” అనేవాళ్ళు.

చుక్కి పెరిగింది కాకిగూట్లో. కోయిలలు కాకిగూట్లో గుడ్డుపెట్టి వెళ్ళిపోతాయి కదా, అలాగన్నమాట. అడవి అంచున ఒక బస్టాండు ఉంది. దాని వెనక తుమ్మచెట్టు మీద ఉంది ఆ గూడు. పెంచిన తల్లి పేరు ఈరమ్మ. ఈరమ్మ కాకికి నోరు పెద్దది. మనసు ఇంకా పెద్దదే, కానీ ఆ నోటి గోలలో అది వినపడేది కాదు.

చిన్నప్పుడు చుక్కి ఒకసారి అడిగింది. “అమ్మా, నేను నీ గుడ్డు కాదటగా?”

“గుడ్డు చూసినప్పుడే తెలుసులేవే,” అంది ఈరమ్మ. “ఆకలని నోరు తెరిచావు, పెట్టాను. దానికింత పంచాయితీ ఎందుకు?”

కాకులకు ఒక ఆచారం ఉంది. ఒక్క మెతుకు దొరికినా ఒంటరిగా తినవు. ముందు పిలుస్తాయి. పిలిచి, కాసేపు ఆగుతాయి. ఈరమ్మ చుక్కికి అదే నేర్పింది. “పొట్టలోంచి పిలవ్వే! గొంతులోంచి పిలిస్తే పక్కకొమ్మకు కూడా అందదు. పిలిచాక ఆగు. వచ్చేవాళ్ళు రెక్కలు సర్దుకోవద్దూ?”

పెద్దయ్యాక చుక్కి అడవి లోపలికి వెళ్ళి ఒక రాక్ బ్యాండు పెట్టింది. బ్యాండు పేరు ‘మోడు’. వడ్రంగిపిట్ట బ్రహ్మం ఎండిపోయిన మద్దిమోడు మీద ముక్కుతో డ్రమ్స్ వాయించేవాడు. కీచురాయి కిట్టు రెక్కకు రెక్క రాసి గిటారు పలికించేవాడు. గోండ్రుకప్ప గంగన్నది బేస్. గంగన్న గొంతు ముందు కాళ్ళకు తగిలేది, ఆ తర్వాత చెవులకు. వీళ్ళలో ఎవరూ ఏ గురువు దగ్గరా నేర్చుకోలేదు. ఒకళ్ళ తప్పు ఒకళ్ళు పట్టుకుంటూ, తిట్టుకుంటూ, మళ్ళీ మొదటి నుంచి వాయించుకుంటూ నేర్చుకున్నారు. రోజూ మధ్యాహ్నం, మిగతా అడవంతా కునుకు తీసే వేళ, ఏనుగుబండ మీద సాధన చేసేవాళ్ళు.

ప్రతి పాటా చుక్కి పిలుపుతోనే మొదలయ్యేది. పొట్టలోంచి మూడు పిలుపులు. ఆ తర్వాత నలుగురూ ఆగేవాళ్ళు. ఆ ఖాళీలోకి బండ వెనక చెట్ల మీంచి కాకుల జవాబు వచ్చి పడేది. ఒకటి ముందు, ఒకటి ఆలస్యంగా, రెండు కాట్లాడుకుంటూ, అడ్డదిడ్డంగా. అందరికంటే వెనక, అందరికంటే గట్టిగా ఈరమ్మ. ఆ గోల అణగకముందే బ్రహ్మం మోడు మీద పడేవాడు. ఇక పాట లేచిందంటే బండ మీద పడుకున్న బల్లి కూడా తల ఊపేది.

“ఆ కాకులు ఎవరు?” అని ఎవరైనా అడిగితే చుక్కి, “ఏవో దారినపోయే కాకులు,” అనేసేది.

మొదట్లో అడవిలో ఎవరూ వాళ్ళను లెక్క చెయ్యలేదు. “ఇదేం పాట! రేకులషెడ్డు మీద కోతులు గెంతినట్టుంది,” అంది ఒక దుప్పి.

“మధ్యలో మేమేం చేశాం తల్లీ?” అంది పైకొమ్మ మీద కోతి. “మేం గెంతినా దానికో లెక్కుంటుంది.”

“లెక్క లేనిదే కదా మజా!” అని అరిచాడు కిట్టు. అందరికంటే చిన్నవాడు, అందరికంటే పెద్ద నోరు వాడిదే. బ్యాండు మాత్రం వాయించడం ఆపలేదు.

ఒకరోజు ఏనుగుబండ కింది మడుగులో కొంగ ధ్యానయ్య చేపకోసం ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. ఆయన ‘ఏటిగట్టు వార్తలు’ పత్రికకు పాటల మీద రాస్తాడు. ఆయన మెచ్చుకోవడమంటే రోహిణికార్తెలో చినుకు పడటమే. ఆయనది కొంగజపమని అందరూ ఎగతాళి చేస్తారు గానీ, పాట వినేటప్పుడు మాత్రం ఆయన చేసేది నిజం జపమే. మర్నాటి పత్రికలో ఇలా రాశాడు:

“ఏనుగుబండ మీద ‘మోడు’ వాళ్ళ పాట విన్నాను. నా ముక్కు కిందనుంచి చేప వెళ్ళిపోయింది, నాకు తెలియలేదు. నా వయసులో ఇది చిన్న విషయం కాదు. కప్ప ఊపిరి పీల్చుకునేదాకా వడ్రంగిపిట్ట దెబ్బ ఎత్తి పట్టుకుంటాడు. కీచురాయి సందు దొరికినచోట మెరుపులా దూరి, మరొకరి వంతు రాగానే తప్పుకుంటాడు. వీళ్ళు వాయించడం కంటే వినడం బాగా నేర్చుకున్నారు. అన్నిటికంటే ఆ మొదటి పిలుపు నన్ను పట్టేసింది. మన అడవిలో పాటలన్నీ ‘నన్ను చూడండి’ అంటాయి. ఈ పాట ‘మీరూ రండి’ అంటోంది.”

అంతే! అడవి అడవంతా ఏనుగుబండ దారి పట్టింది. మొన్న వెక్కిరించిన దుప్పి ముందువరసలో కూర్చుంది. “నేనప్పుడే చెప్పాను వీళ్ళు పైకొస్తారని,” అంది. కోతి నోరు వెళ్ళబెట్టి చూసింది.

రెండు రోజులకు చుక్కి ఫోను మోగింది. అడవిలో ఫోనేమిటని అడక్కండి, కథలో ఉంది అంతే. ఫోన్ చేసింది పచ్చాకు రేడియో చిలుక. “చుక్కిగారూ, మా స్టూడియోకు వచ్చి నాలుగు మాటలు చెప్పాలి,” అంది.

స్టూడియో ఒక పెద్ద చెట్టుతొర్ర. చుక్కి వెళ్ళేసరికి అక్కడ ఇంకో అతిథి, నెమలి, కూర్చుని ఉంది. “మీరు కోయిల వంశం కదండీ, సంగీతం రక్తంలోనే ఉంటుంది,” అంది నెమలి తోక సర్దుకుంటూ. “కాకులకీ గాడిదలకీ వస్తుందా ఏమిటి!” అని పకపకా నవ్వింది. చుక్కి కూడా కొంచెం నవ్వింది.

రేడియో మొదలైంది. చిలుక అడిగింది, “మీ పాట మొదట్లో వచ్చే ఆ పిలుపు గురించి ధ్యానయ్యగారంతటి ఆయన రాశారు. అది మీకెవరు నేర్పారు?”

నాలుక చివరిదాకా ‘మా అమ్మ’ అనే మాట వచ్చింది. చుక్కి ఒకసారి నెమలివైపు చూసింది. ఆ మాట వెనక్కి వెళ్ళిపోయింది.

“ఎవరూ నేర్పలేదండీ,” అంది చుక్కి. “దానంతట అదే వచ్చింది. అది మా కోయిలల పిలుపు.”

“ఆహా! పుట్టుకతో వచ్చిన విద్య!” అంది చిలుక. బయట అందరూ రెక్కలు కొట్టారు.

మర్నాడే ఏటిగట్టు పండగ వచ్చింది. అంత పెద్ద మేళాలో ‘మోడు’ వాయించడం అదే మొదటిసారి. గట్టంతా జనం. చుక్కి పొట్టనిండా గాలి పీల్చి మూడుసార్లు పిలిచింది. నలుగురూ ఆగారు.

జవాబు రాలేదు.

ఏటి నీళ్ళ చప్పుడు వినపడింది. ఎవరో దగ్గారు. బ్రహ్మం ఎత్తిన ముక్కు ఎత్తినట్టే ఉంది. ఎంతసేపు ఆగాలో వాడికి తెలియలేదు. ఎక్కడ వాయించినా, కాకులు లేని రోజు వాళ్ళకు ఎప్పుడూ రాలేదు మరి. చివరికి గంగన్న ‘బొంయ్’ మని అందుకోవడంతో పాట ఎలాగో లేచింది. జనం చప్పట్లు కొట్టారు. పాట అయ్యాక ధ్యానయ్య దగ్గరకొచ్చి, “బాగా వాయించారమ్మా,” అన్నాడు. “కానీ పిలిచారు, రావాల్సినవాళ్ళు రాలేదు. వంటయ్యాక విస్తళ్ళు ఖాళీగా ఉన్నట్టుంది నాకు.”

చుక్కికి ఒళ్ళు మండింది. “రాకపోతే పోయారు! జవాబే కదా కావాలి, నేను తెప్పిస్తాను,” అంది.

తర్వాతి పాటకు మైనాలను మాట్లాడుకొచ్చింది. మైనాలు ఎవరి గొంతైనా దించేస్తాయి. చుక్కి పిలిచింది. “కావ్ కావ్ కావ్!” అన్నాయి మైనాలు, సరిగ్గా చెప్పిన క్షణానికి, ఒకే గొంతుతో, ఒకదాని మీద ఒకటి పడకుండా. కిట్టుకు నవ్వాగలేదు. “అక్కా, బడిపిల్లలు హాజరు పలికినట్టుంది!” అన్నాడు. పాట సగంలో ధ్యానయ్య ముక్కు నీళ్ళలోకి వెళ్ళింది. చేప పట్టుకున్నాడు. చుక్కి అది చూసింది. ఎంత తిట్టినా అంత నొప్పి పుట్టి ఉండేది కాదు.

మర్నాడు సాధనకు గంగన్న ఆలస్యంగా వచ్చాడు.

“బస్టాండు కాలవకు దోమల కోసం పోయాను,” అన్నాడు. “మీ అమ్మ కనపడింది చుక్కీ.”

చుక్కి ఉలిక్కిపడింది. “ఆవిడ మా అమ్మ అని నీకెవరు చెప్పారు?”

“బేస్ వాయించేవాణ్ణి. అందరికంటే ఎక్కువ వింటాను,” అన్నాడు గంగన్న. “‘ఏం పిన్నీ, పాటకు రావడం మానేశారే’ అన్నాను. ‘మమ్మల్ని పిలవలేదుగా నాయనా’ అంది. ‘రోజూ పిలుస్తూనే ఉందిగా’ అన్నాను. ‘అది కోయిలల పిలుపని టీకొట్టు రేడియోలో విన్నాంగా. పిల్ల కోయిలల్ని పిలుచుకుంటుంటే మధ్యలో కాకులం మేమెందుకు, మర్యాద ఉండద్దూ’ అంది. మిగతా కాకులు వస్తామంటే తనే ఆపిందట.”

“కోపంగా ఉందా?” అంది చుక్కి మెల్లగా.

“కోపంగా ఉంటే బాగుండేది,” అన్నాడు గంగన్న. “తిట్టలేదు. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు.”

చుక్కి ముక్కు రెక్కలో దాచుకుంది. ఈరమ్మ తిట్టకుండా ఊరుకోవడమంటే ఏమిటో ఆ గూట్లో పెరిగినవాళ్ళకే తెలుస్తుంది. చేపముల్లు గొంతులో ఇరుక్కున్నా తిట్టడం మానని మనిషామె! అవునవును, కాకే. కానీ చుక్కికి అమ్మ.

బ్రహ్మం మోడు మీంచి దిగి వచ్చాడు. వాడు మాట్లాడేది తక్కువ. “ఆదివారం ధ్యానయ్యగారు కొండఅడవుల నుంచి వినేవాళ్ళను వెంటబెట్టుకుని వస్తున్నారు,” అన్నాడు. “నచ్చితే మనల్ని అక్కడికి తీసుకెళ్తారు. మైనాలను పిలవమంటావా?”

“వద్దు,” అంది చుక్కి.

“మరి ఆ ఖాళీ తీసేద్దామా? నేరుగా డ్రమ్స్‌తో అందుకుంటాను.”

చుక్కి ఆలోచించింది. అలా చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. పాట గట్టిగానే ఉంటుంది. ఖాళీ లేదు కాబట్టి వెలితి కూడా కనపడదు. కొండఅడవుల వాళ్ళు అది వినలేదు, అడగనూ అడగరు.

“వద్దు బ్రహ్మం,” అంది. “ఆ ఖాళీ ఎవరి కోసమో వాళ్ళకే ఉండాలి. ఆ పిలుపు నాది కాదు. మా అమ్మది. నాకు పాట నేర్పింది కాకి.”

ఇంతకాలం మోసిన మాట ఎంత చిన్నదో! అనేశాక ఆకాశమేమీ ఊడి పడలేదు. కిట్టు మీసం గోక్కుంటూ, “ఇంతేనా అక్కా? నువ్వేదో హత్య చేశావనుకున్నాను,” అన్నాడు.

చుక్కి పక్కచెట్టు కొమ్మ మీదికి ఎగిరి కూర్చుంది. ఫోను తీసింది. అమ్మ పేరు మీద ముక్కు పెట్టి, తీసేసింది. ‘అమ్మా, నేను పొరపాటున అలా అన్నాను’ అందామనుకుంది. పొరపాటు కాదు కదా. ‘అమ్మా, ఆ నెమలి వల్ల’ అందామనుకుంది. మాట్లాడిన నోరు నెమలిది కాదు. ‘అమ్మా, ఆదివారం పెద్దవాళ్ళు వస్తున్నారు’ అందామనుకుంది. అది అడగడమవుతుంది, పిలవడమవదు. ఆదివారం వచ్చినా రాకపోయినా, ముందు ఆ నిజం అమ్మ చెవిన పడాలి. ఆ తర్వాత రేడియోకు కూడా వెళ్ళి చెప్పాలి. నెమలి అక్కడ ఉంటే ఇంకా మంచిది.

అమ్మ మాట్లాడకపోతే? అయినా సరే, ఫోన్ అవతల ఊపిరి వినపడుతుందిగా. అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

కింద బ్రహ్మం, కిట్టు, గంగన్న పైకి చూడనట్టు నటిస్తూ వాయిద్యాలు సరిచేసుకుంటున్నారు. చుక్కి పొట్టనిండా గాలి పీల్చుకుంది. ఇక ఏ మాటా సిద్ధం చేసుకోదలచుకోలేదు. ఈరమ్మకు ఇప్పుడే ఫోన్ చెయ్యాలని నిశ్చయించుకుంది.

నీతి: మన పాటను నలుగురూ మెచ్చినరోజున, ఆ పాట నేర్పినవాళ్ళ పేరు నలుగురిలోనూ చెప్పాలి. చెప్పలేకపోతే, ఆలస్యమైనా వాళ్ళ దగ్గరకే ముందు వెళ్ళాలి.