నాలుగోసారి చెడిన కంప్యూటరు

మందు వేశాక రోగం తగ్గింది. వారం తిరిగేసరికి తిరగబెట్టింది. మళ్లీ అదే మందు, మళ్లీ అదే రోగం. ఇట్లా మూడుసార్లు జరిగితే తప్పెవరిదంటారు పిల్లలూ? మందుదా, రోగిదా, వైద్యుడిదా? తొందరపడి చేతులెత్తకండి. ఆదోనిలో ఓబులేసు తొందరపడే చిక్కుల్లో పడ్డాడు.

ఓబులేసు కంప్యూటర్లు బాగుచేసే మనిషి. దస్తగిరి ఉస్తాద్ దగ్గర ఎనిమిదేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. ఉస్తాద్ ఒకప్పుడు రేడియోలు విప్పాడు, తర్వాత టీవీలు, ఇప్పుడు కంప్యూటర్లు. గురువారం దర్గాలో కూర్చుంటాడు, మిగతా రోజులు దుకాణంలో. రెండు చోట్లా మాట తక్కువే. ఓబులేసుకు చెయ్యి వేగం. నోరు అంతకన్నా వేగం.

అదే ఊళ్లో, పత్తి మిల్లులో పనిచేసి రిటైరైన కౌలుట్లయ్య ఇంట్లో ఒక కంప్యూటరుంది. దాని మీద ఆయన కోడలు సుభాషిణి ప్రెస్సువాళ్లకు పెళ్లిపత్రికలు టైపు చేసి పెడుతుంది. అత్తారింటికి వచ్చాక ఇది నాది అని ఆమె చెప్పుకోగలిగింది ఆ పని ఒక్కటే. ఆ కంప్యూటరు నెలలో మూడుసార్లు చెడింది. స్విచ్చి వేస్తే నీలం తెర వస్తుంది, కాసేపటికి ఆరిపోతుంది, మళ్లీ నీలం తెర.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. కంప్యూటరులో మనం దాచుకునే ఫొటోలు, ఉత్తరాలు వేరు. అది లేచి నడవడానికి దానికే కావలసిన ఫైళ్లు వేరు. బళ్లో మీ నోటుపుస్తకాలు వేరు, హెడ్మాస్టరు గదిలో గోడకున్న టైంటేబిలు వేరు కాదూ? మీ పుస్తకం చిరిగితే నష్టం మీ ఒక్కరికే. టైంటేబిలు చిరిగితే ఏ గంటకు ఎవరు ఏ గదికి పోవాలో తెలియక బడంతా గోలగోల. ఆ టైంటేబిలు లాంటివాటిని సిస్టం ఫైళ్లంటారు. సుభాషిణి కంప్యూటరులో చెడుతున్నవి అవే.

బాగుచేసే పద్ధతి ఓబులేసుకు కొట్టిన పిండి. నల్ల తెర ఒకటి తెరిచి ఒక ఆజ్ఞ రాస్తే చాలు, కంప్యూటరు తన దగ్గర విడిగా దాచుకున్న మంచి ప్రతితో ఒక్కో ఫైలునూ పోల్చుకుంటుంది. చెడినదాన్ని తీసేసి మంచిదాన్ని పెట్టుకుంటుంది. నూటికి పది అయింది, నూటికి ముప్ఫై అయింది అని తెర మీద అంకె పెరుగుతూ పోతుంది. నూరు కాగానే ఓబులేసు సంచి భుజానేసుకుని లేస్తాడు.

మూడోసారి అట్లా లేస్తున్నప్పుడు కౌలుట్లయ్య భార్య సుంకమ్మ అడిగింది.

"ఊరికూరికే ఎందుకు చెడతాదప్పా ఇది?"

"కరెంటు పోతాందా అమ్మా?"

"లేదే."

"అయితే ఎవరో తెరవకూడనివేవో తెరుస్తున్నారు. వాటితోనే వైరస్ వస్తాది," అనేసి ఓబులేసు గడప దాటాడు.

ఆ ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చునే మనిషి ఒక్కతే.

పది రోజులకు అది నాలుగోసారి చెడింది. ఈసారి సుంకమ్మ దుకాణానికే వచ్చింది.

"ఉన్నమాట చెప్పప్పా ఓబులేసూ. మా కోడలు దాంట్లో ఏం చూస్తాంది? మావాడు వీరేశు వారం నుంచి పెండ్లాంతో మాట్లాడటంల్యా. ఆదివారం ఆ డబ్బా ఎవరికన్నా ఇచ్చేస్తాడంట. ఆ పిల్ల ఏడవదు, ఎదురు చెప్పదు. అన్నం మాత్రం తినదు."

ఉస్తాద్ చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"వీళ్లకేం చెప్పినావు?"

ఓబులేసు చెప్పాడు.

"చూసి చెప్పినావా?"

"చూసేదేముంది ఉస్తాద్? మనం చేసిన పని బాగానే ఉంది. మళ్లీ చెడిందంటే ఇంకేం కారణముంటాది?"

ఉస్తాద్ లేచి, సుంకమ్మ వెనకే బయల్దేరాడు. చేతిలో సంచి కూడా లేదు.

వెంట వెళ్లిన ఓబులేసు ఆ ఇంట్లో అలవాటు ప్రకారం ఫైళ్లు సరిచేశాడు. సాయంత్రం నాలుగింటికి అంకె నూరయింది. ఉస్తాద్ సుభాషిణిని పిలిచి, "రోజూ చేసే పనే చేసుకో బిడ్డా. మేము లేమనుకో," అన్నాడు.

ఆమె తలెత్తకుండానే సరేనంది. తెర మీద ఏముందో వీధిలో పోయేవాళ్లకు కూడా కనపడేట్టు కంప్యూటరును ఓరగా తిప్పుకుని టైపు చేయడం మొదలుపెట్టింది.

ఉస్తాద్ పోయి కౌలుట్లయ్య పక్కన మంచం మీద చేరాడు. "మిల్లు రోజులు గుర్తున్నాయా అన్నా?" అన్నాడు. అంతే, ఆయన అందుకున్నాడు.

"మర్సిపోతానా దస్తగిరీ! దూది కదా, ఒక్క రవ్వ చాలు. ఎవడో పుణ్యాత్ముడు మోటారు స్విచ్చి ఆపకుండా ఇంటికి పోయినాడు. తెల్లారేసరికి షెడ్డు షెడ్డే లేదు. ఆ తర్వాత ఇరవై రెండేండ్లు అందరికన్నా ఆఖర్న బయటికొచ్చింది నేనే. నా చెయ్యి పడని బోర్డు లేదు ఆ మిల్లులో."

ఓబులేసుకు ఆవలింతలొచ్చాయి. కంప్యూటరు బాగుచేయడానికి వచ్చి, ఈ ముసలాళ్ల కబుర్లేమిటి?

అయిదున్నరకు సుభాషిణి పని ముగించింది. నేర్పినట్టే, పద్ధతి ప్రకారం, ఇక ఆగమని కంప్యూటరుకు చెప్పి వంటింట్లోకి వెళ్లింది. కొత్త మార్పులేవైనా వచ్చిన రోజు, ఆగమనగానే అది ఆగదు. వాటిని సర్దుకుంటున్నాను, అయ్యేదాకా నన్ను ఆపొద్దు అని తెర మీద ఇంగ్లీషులో రాసి, తెల్లచుక్కలు గుండ్రంగా తిప్పుకుంటోంది. పాత యంత్రం, దానికి అరగంట పైనే పడుతుంది.

"పోదామా ఉస్తాద్?"

"ఆగు."

ఆరయింది. కౌలుట్లయ్య చెప్పే మాట సగంలో వదిలేసి లేచాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. వసారాలో లైటు, టక్. ఫ్యాను, టక్. హాల్లో టీవీ, టక్. కంప్యూటరు వెనక గోడకున్న బోర్డు, టక్. ఫ్రిజ్ స్విచ్చి దగ్గర మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఆగి, దాటిపోయింది.

తిరుగుతున్న చుక్కలు మాయమయ్యాయి. తెర నల్లబడింది.

"ఏం చేస్తాండావన్నా?" అని ఉస్తాద్ మెల్లగా అడిగాడు.

"ఏం చేస్తా? అట్లా నాలుగడుగులు తిరిగొస్తా," అన్నాడు కౌలుట్లయ్య. తనేం చేశాడో ఆయనకు నిజంగానే తెలియదు. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వీధిలోకి వెళ్లిపోయాడు.

ఓబులేసు ఒక్క ఉదుటున లేచాడు.

"ఉస్తాద్! ఫైళ్లు సగం రాసుకుంటాంటే ఆపేసినాడు! చెడకేం చేస్తాయి? ఇన్నాళ్లూ ఈ ముసలాయనే! ఇప్పుడే చెప్తా వీళ్లకు."

"చెప్పు," అన్నాడు ఉస్తాద్. "నిన్నటిదాకా కోడలు. ఇయ్యాల్టి నుంచి మామ."

వంటింటి వైపు వేసిన అడుగును ఓబులేసు వెనక్కి తీసుకున్నాడు.

ఉస్తాద్ వంగి, కంప్యూటరు ప్లగ్గును ఆ బోర్డు నుంచి పీకాడు. తీగను గోడ వెంట నడిపించుకుంటూ పోయి ఫ్రిజ్ బోర్డులో గుచ్చాడు. ఆ ఇంట్లో ఎవరి చెయ్యీ ఆపని స్విచ్చి అదొక్కటే. "మళ్లీ మొదలుపెట్టు," అన్నాడు. ఓబులేసు నల్ల తెర తెరిచాడు. నూటికి ఒకటి. నూటికి రెండు.

సుంకమ్మ టీ తెచ్చింది. "ఏమన్నా తేలిందా అన్నా? ఏం తెరుస్తాందంట?"

ఉస్తాద్ గ్లాసు అందుకుని, టీ ఊదుకుంటూ దాంట్లోకే చూస్తున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఓబులేసు తెర ముందు నుంచి లేచాడు.

"తప్పు నాదమ్మా," అన్నాడు. "ఆ బోర్డులో దీన్ని పెట్టకూడదు. మూడుసార్లొచ్చినా, మూడుసార్లూ చూసుకోకుండా పోయినా. పోతా పోతా అక్క మీద మాట పారేసినా. ఆమె దీంట్లో పెళ్లిపత్రికలు తప్ప ఇంకేం తెరవలేదు."

సుంకమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఎంత సులువుగా చెప్తివప్పా! అది నోరా, మిల్లు సైరనా? నీ మాట పట్టుకుని నా కొడుకు వారం నుంచి మొగం అటు తిప్పుకుని పడుకుంటాండాడు. వానికి నేను చెప్పను. నీ నోటితోనే చెప్పుకో."

"ఎన్నింటికొస్తాడు?"

"ఎనిమిదవుతాది."

"ఉంటానమ్మా," అని ఓబులేసు కౌలుట్లయ్య మంచం కోడు పక్కన నేల మీద కూర్చున్నాడు. సుంకమ్మ ఇంకా తిడుతూనే ఉంది. అతను వింటూ కూర్చున్నాడు.

సుభాషిణి వంటింటి గడప దగ్గరికొచ్చింది. అతన్ని చూసింది.

"అత్తా, ఇంకో రెండు రొట్టెలు తడతాను," అని లోపలికి వెళ్లింది.

ఉస్తాద్ ఖాళీ గ్లాసు కింద పెట్టి లేచాడు. ఓబులేసు కూడా లేవబోయాడు.

"దుకాణం నేను మూస్తాలే," అన్నాడు ఉస్తాద్.

సరే, లేవండి పిల్లలూ. చింతపండు సగమే గింజ తీశాను, మిగతాదానికి ఈగలు ముసురుతున్నాయి. నేను వెళ్లి అది చూసుకోవాలి.