కుదురు లేని బొమ్మలు

ఏ రాజు ఏలిన నాటిదో ఎవరూ చెప్పలేని కాలంలో, సింధూరగిరి నగరంలో, పొద్దు వాలగానే బొమ్మల కాళ్ళకు నువ్వుల నూనె రాసే అలవాటొకటి ఉండేది. ఇప్పుడది లేదు.

ఆ నగరంలో ఆటపెట్టెలు చేసే శిల్పులు ముగ్గురు. పెట్టె నడుమ బొమ్మ కాలు దిగే గుంటను కుదురు అనేవారు. కాలు పట్టేయకుండా నూనె రాసి, బొమ్మను కుదురులో నిలిపి మర తిప్పితే, అది కత్తి దూసేది, గుర్రమెక్కేది, పిల్లలతో పందెం కాసేది.

అయితే మల్లాచారి కుదురు గుండ్రన. వీరాచారిది మూడు పలకలు. రంగాచారిది నాలుగు పలకలు. ఒకరి బొమ్మ మరొకరి పెట్టెలో నిలవదు. తన బొమ్మ కొన్నవాడు తన పెట్టెనే కొనాలన్నది ముగ్గురి పంతం.

ఒక వానకాలంలో రంగాచారి కన్నుమూశాడు. మర రహస్యం ఆయనతోనే పోయింది. ఆయన పెట్టెలు ఒక్కొక్కటిగా మూగవోయాయి.

అటుపై సందెవేళ ఒక చప్పుడు మొదలైంది. టక్... టక్... టక్. ఇంటింటా అటకల మీద రంగాచారి బొమ్మలు కుదురు కోసం నాలుగు పలకల కాళ్ళతో చెక్కను తడుముతున్నాయి. మొదటి సందెకు పిల్లలు జడుసుకున్నారు. రెండవ సందెకు కుక్కలు మొరగడం మానేశాయి. మూడవ సందెకు రాజు, "అమావాస్యలోగా ఇవి కుదుటపడకుంటే కాల్చివేయండి" అన్నాడు.

రంగాచారి కూతురు మందారవల్లి గుండె చెరువైంది. తండ్రి చేతి గుర్తులుగా ఆమెకు మిగిలినవి అవే.

ఆమె మల్లాచారి వద్దకు వెళ్ళింది. "మామా, మీ పెట్టెలో నాన్న బొమ్మలకు చోటివ్వండి."

"కాళ్ళు గుండ్రంగా చెక్కుకు రావే, నిలబెడతాను" అని నవ్వాడాయన.

"చెక్కితే నడక మరచిపోతాయి మామా."

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

వీరాచారి వద్దకు వెళ్ళింది. "కుదుళ్ళన్నీ ఒకటైతే, నా పెట్టెకూ ఆ మల్లాచారి డొక్కు పెట్టెకూ తేడా ఏముంటుందమ్మా?" అన్నాడాయన.

"ఊళ్ళో ద్వారబంధాల కొలత ఒక్కటే కదా బాబాయ్! ఇళ్ళన్నీ ఒకటయ్యాయా? లోపలి మర మీదే. కాలు పెట్టే చోటొక్కటి అందరిదీ కానివ్వండి."

వీరాచారి తలుపు వేసుకున్నాడు.

అమావాస్య నాటి సందెకు ఆమె మూడవసారి వచ్చి, ఇద్దరి అంగళ్ళ నడుమ వీధిలో నిలిచింది. బొమ్మలను కాల్చడానికి పేర్చిన కట్టెల వాసన వస్తోంది. అప్పుడు మల్లాచారి అంగడిలో ఆయన చేసిన బొమ్మే టక్ మంది. వీరాచారి అంగడిలోనూ టక్ మంది. ఇద్దరూ వీధిలోకి పరుగెత్తుకొచ్చారు.

మల్లాచారి గుండె మీద చేయి వేసుకున్నాడు. "నేనింకా బతికే ఉన్నాను కదే?"

"ఉన్నారు మామా. మీ తరవాత తమకు చోటెక్కడని అవి ముందుగానే అడుగుతున్నాయి."

ఇద్దరూ పనిముట్లు అందుకున్నారు. మల్లాచారి తన పెట్టె కుదురును వెడల్పుగా తొలిచాడు. వీరాచారి అందులో ఎన్నడూ గట్టిపడని మెత్తని లక్క పోశాడు. ఏ కాలు దిగితే ఆ కాలి రూపమే పట్టింది. ఇకపై ఏ పెట్టెకైనా అదే కొలత అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

మందారవల్లి తండ్రి చివరి బొమ్మను అందులో నిలిపింది. అది ఒక్కసారి తల వాల్చి, రంగాచారి చూసినట్టే ఆమెను చూసింది. ఆపై ఆడింది. నగరమంతటా చప్పుడు ఆగింది.

లక్క కుదురులో నూనెతో పనిలేదు. ఆ సంగతి మందారవల్లికీ, ఆ ఇద్దరికీ తెలుసు. అయినా ఆ రాత్రి ముగ్గురూ అరుగు మీద కూర్చుని, ఒకే గిన్నెలో వేళ్ళు ముంచి, బొమ్మలన్నిటి కాళ్ళకూ చివరిసారిగా నూనె రాశారు.

చేసినవాడు పోయినా చేసిన పని నిలవాలంటే, దానికి పరాయి ఇంట కూడా చోటుండాలి.